వీపు మీద నీలం

ఫిబ్రవరి 9

అక్కా,

పార్సిలు అందింది. కర్టెన్ నా కిటికీకి జానెడు పొడవైంది. కొలత తప్పిచ్చానని నువ్వంటావు, తప్పు కోశావని నేనంటాను. ఎటూ తేలదు కాబట్టి కింద మడిచి కుట్టేసుకున్నాను. హాస్టల్ గదిలో పొద్దున్నే ఎండ మొహాన కొట్టడం మాత్రం తప్పింది.

నీ చెవి మిషన్ బాగుచేయించారని బావ మెసేజ్ పెట్టాడు. అయినా ఫోన్ మాత్రం చెయ్యకు తల్లీ. పోయినసారి నేను "జీతం పెరిగింది" అంటే నీకు "జ్వరం తగిలింది" అని వినపడి, ఇల్లంతా కంగారుపెట్టావు. మనకి ఉత్తరాలే నయం.

అసలు సంగతికొస్తాను. నా వీపు మీద గీత గురించి. పదమూడేళ్లప్పుడు డాక్టర్లు నా వెన్ను నిటారు చేసి మెడ కింద నుంచి నడుము దాకా వేసిన కుట్టు, ఇక్కడ హాస్టల్ అమ్మాయిలు దానికి "జిప్పు" అని పేరు పెట్టారు. కోపం రాలేదు కానీ, వెనక మెడ కనిపించే చొక్కా వేసుకుని చాలా ఏళ్లయిందని మాత్రం గుర్తొచ్చింది. దాని మీద టాటూ వేయించుకుందామనుకుంటున్నాను. నల్లటి గీతలతో వేసే మామూలు టాటూ కాదు. వాటర్ కలర్ టాటూ అంటారు. అంచులుండవు. తడి కాగితం మీద కుంచె ఆనిస్తే రంగు దానంతటదే పాకుతుంది చూడు, అలా ఉంటుంది చర్మం మీద. నా కుట్టు ఒక కాడ అవుతుంది. దానికి అటూ ఇటూ పువ్వుల రంగులు చెదిరి ఉంటాయి.

పొద్దస్తమానం ల్యాబ్‌లో పింగాణీ పళ్లకి రంగు కలుపుతాను. ఒకరి పన్ను తెలుపు ఇంకొకరికి నప్పదు. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో తెలిసినదాన్ని, నా ఒంటి మీద మాత్రం ఆ ఒక్క పాలిపోయిన గులాబీ గీత తప్ప ఏమీ లేదు.

ఇది వేసేవాళ్లని వెతకడమే పెద్ద పని. మొదటివాడు పెద్ద షాపింగ్ కాంప్లెక్స్‌లో ఉన్నాడు. అన్నిటికీ తలాడించి, చివరికి నల్లగా అంచు గీయకుండా తన చెయ్యి ఆగదన్నాడు. రెండోవాడి గోడ నిండా అందమైన ఫొటోలే. దగ్గరకెళ్లి చూస్తే అన్నీ అప్పుడే వేసినవి, చుట్టూ చర్మం ఇంకా ఎర్రగా ఉబ్బి ఉంది. "ఏడాది గడిచినవి చూపించండి" అంటే ఫోన్ వచ్చినట్టు బయటికెళ్లాడు. మూడో ఆమె పని నాకు నచ్చింది, కానీ వచ్చే ఏడాది దాకా ఆమెకి ఖాళీ లేదు. మంచిమనిషి, కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. మానిన తర్వాతి ఫొటోలు అడగమంది. నలుపు ఆసరా లేని రంగు తొందరగా వెలిసిపోతుంది, ఆ మాట ముందే చెప్పనివాళ్లని నమ్మొద్దంది. "బొమ్మ ముందు కాగితం మీద గీసి చూపించనివాళ్ల దగ్గరికి అసలు పోకమ్మా" అంది.

వెతుకుతున్నాను. నువ్వు తిట్టేవి ఏమైనా ఉంటే ఈసారి ఉత్తరంలోనే తిట్టెయ్యి.

నీ మిడత


ఫిబ్రవరి 20

ఒసే మిడతా,

తిట్టను. బావ తిట్టమన్నాడు, ఆయన మాట వినడం నాకు అలవాటు లేదు కాబట్టి మానేశాను. ఆయన ఈ వారమంతా ఒక ఆసుపత్రి లిఫ్టుతో కుస్తీ పడుతున్నాడు. అది మూడో అంతస్తులో ఎవరూ పిలవకుండానే ఆగి తలుపు తెరుస్తోందట. నర్సులు దాన్లో ఎక్కడం మానేశారు. వైరు సంగతి అంటాడు ఈయన. ఇంటికొచ్చి మాత్రం మన గది తలుపు రెండుసార్లు వేసి చూసుకుంటున్నాడు.

ఇక నీ వీపు. అది నీదెప్పుడయిందే? కట్టు విప్పింది, కడిగింది, మందు రాసి మళ్లీ కట్టింది నేను. నువ్వు బోర్లా పడుకుని దిండు కొరుకుతూ నన్ను తిట్టిన తిట్లు ఏ స్కూల్లో నేర్చుకున్నావో ఇప్పటికీ తెలీదు. అమ్మ ఉంటే ఆవిడే చేసేది. లేదు కాబట్టి నాకు పడింది. నీకు నువ్వుగా ఎప్పుడూ చూసుకోలేని చోటు, నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. ఎడమ భుజం ఎముక దగ్గర కుట్టు కాస్త పక్కకి ఒరుగుతుంది. ఆ చోట నీకు ఇప్పటికీ స్పర్శ తెలియదు కదా. సూది గుచ్చేవాళ్లకి ఆ సంగతి చెప్పు.

వేయించుకో. మీద పువ్వులుంటే ఎవరు కాదంటారు. కానీ ఆ మూడో ఆమె చెప్పింది మర్చిపోకు. గుడ్డ కోసే ముందు మేము సుద్దతో గీసుకుంటాం, గీసినది చూపించి ఒప్పించుకుంటాం. గుడ్డ పాడైతే ఇంకో గుడ్డ తెచ్చుకోవచ్చు. బొమ్మ కాగితం మీద గీయించి నాకొక కాపీ పంపు. మా చిన్నది కూడా నీకో పువ్వు గీసి పెట్టింది, ఇందులో పెడుతున్నాను. అది పువ్వో బస్సో నన్నడక్కు.

నీ అక్క


మార్చి 14

అక్కా,

దొరికారు.

ల్యాబ్‌కి ఒకామె కొత్త పన్ను రంగు సరిచూసుకోవడానికి వచ్చింది. ఆమె మణికట్టు మీద చిన్న ఊదా పువ్వు. వేయించుకుని చాలా ఏళ్లయిందట, అయినా ఇంకా తడి ఆరనట్టే ఉంది. అంచు ఎక్కడ ఆగిందో చెప్పలేం. ఎవరు వేశారని అడిగితే మొదట మాట మార్చింది. మళ్లీ అడిగితే, "ఇప్పుడు ఎవరికీ వెయ్యట్లేదమ్మా. అయినా చూడు" అని వీధి గుర్తులు చెప్పింది.

ఎత్తుగా ఎక్కే సందు చివర ఇల్లు. బోర్డు లేదు. గేటు నుంచి గుమ్మం దాకా పొడవాటి రాళ్ల దారి. ముందు గది నిండా వెలుతురు. ఒంటరిగా ఉంటారు. నేను వచ్చిన పని చెప్తే "మానేశాను" అని మెల్లగా తలుపు వేయబోయారు. నా కుట్టు గురించి చెప్పాక ఆగి, చూపించమన్నారు. చూపించాను. తర్వాత ఒక వేలితో మెడ నుంచి నడుము దాకా ఒక్కసారి తాకి, "రేపు రా" అన్నారు.

బొమ్మ కాగితం మీద చూపించమని అడిగాను, నువ్వు తిడతావని. "కాగితం మీద వేసింది కాగితానికే బాగుంటుంది. పూర్తయ్యాక చూద్దువుగాని" అన్నారు. ఆ ఇంట్లో అద్దాలు లేవు. మరీ అడగబుద్ధి కాలేదు, ఆ మణికట్టు చూశాక. సూదులు నా కళ్లెదుటే కొత్తవి విప్పారు, అంతవరకు భయం లేదు.

మొదటి పూట అయిపోయింది. నడుము దగ్గర నీలం వేశారు. హాస్టల్ బాత్రూం అద్దంలో మెడ తిప్పి చూసుకున్నాను, నీలం నీలంగా పొగలా ఉంది, పైన కుట్టు పొడవునా లేత గోధుమ రంగు. నొప్పి తెలియకుండా కబుర్లు చెప్తారు. ఎంత మెత్తని చెయ్యో అక్కా.

నీ మిడత


మార్చి 25

ఎవడే వాడు?

సందు చివర ఇల్లు, ఒంటరిగా ఉంటాడు, చొక్కా విప్పించి వేలితో తాకి రేపు రమ్మన్నాడు, నువ్వు వెళ్లావు. మెత్తని చెయ్యట. బావకి చదివి వినిపించాను. పెళ్లయినవాడేనా? వయసెంత? బొమ్మ చూపించనన్నప్పుడే లేచి రావద్దూ? నీ వెన్ను నిటారుగా చేశారు గానీ బుర్ర ఎవరూ సరిచేయలేదు.

అక్కడికి ఇక వెళ్లకు. సగంలో ఆగిపోతే ఆగిపోనీ. నీలం మచ్చతో ఎవరూ చచ్చిపోరు.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నేను మర్యాదకి "అన్నారు" అని రాస్తే నువ్వు మీసాలు పెట్టేశావు. ఆవిడ అక్కా. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఒకప్పుడు బడి పుస్తకాల్లో మొక్కల బొమ్మలు వేసేవారట. నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఎవడో రమ్మంటే వెళ్లిపోయే మనిషిలా కనిపించానా నీకు? బావకి చదివి వినిపించాల్సినంత ఏముంది అందులో?

రెండో పూట కూడా అయింది. నీలం ఇంకో జానెడు పైకి వచ్చింది. ల్యాబ్‌లో అమ్మాయిలు చూసి మబ్బుల్లా ఉందన్నారు. అది నిజమే, దగ్గర్నుంచి చూస్తే వాటర్ కలర్ ఏదీ బొమ్మలా ఉండదు, రంగు మరకల్లాగే ఉంటుంది. దూరం నుంచి చూడాలి. దూరం నుంచి నా వీపు నేనెలా చూసుకోను.

ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. పని మొదలుపెట్టే ముందు నా తల దువ్వుతుంది. నా జుట్టు మెడ దాకానే కదా, దానికి సవరం పెట్టి పొడుగ్గా జడ వేసి, ముందుకు తిప్పి నా ఒళ్లో పెడుతుంది. ఎందుకండీ అంటే "జడ బరువుంటే మెడ కదలదు" అంది. బాగానే ఉంటుంది అక్కా, ఒకరు తల దువ్వుతుంటే. కళ్లు మూతలు పడతాయి.

హాస్టల్ పరుపుకి వీపు రాసుకుని చెక్కు లేస్తోందని, మానేదాకా తన ఇంట్లోనే ఉండమంది. పై గది ఇచ్చింది. బీరువాలో మడతపెట్టిన బట్టలున్నాయి, వీపు తెరిచి ఉండేలా వెనక ముడులు కుట్టిన గౌన్లు. నాకు సరిగ్గా సరిపోయాయి. ఎవరివని అడగలేదు.

అడ్రసు వెనక రాశాను.

మిడత


ఏప్రిల్ 24

మిడతా,

సరే, ఆవిడ. మీసాలు తీసేశాను. కానీ నాకేం నెమ్మది చిక్కలేదు.

తల దువ్వే మనిషి, జడ వేసే మనిషి, గది ఇచ్చే మనిషి. నీకు కొత్త అమ్మ దొరికినట్టుంది. ఇక కట్లు కట్టిన పాత అక్కతో పనేముందిలే. కర్టెన్ జానెడు పొడవైందని వంకలు పెట్టడానికి తప్ప.

ఒక్క మాట మాత్రం కుట్టేదానిగా చెప్తాను. కొలత తీసుకోకుండా ఒంటికి సరిగ్గా సరిపోయే బట్ట నేనింతవరకు చూడలేదు. ఎవరివో అడుగు.

అక్క


జూన్ 3

అక్కా,

ఇన్నాళ్లూ రాయలేదు. రాయాలనిపించలేదు. నీ ఉత్తరం ఆవిడ కూడా చదివింది. బల్ల మీద పెట్టి మర్చిపోయాను. ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నువ్వు అలా రాయకుండా ఉండాల్సింది.

బట్టలు వాళ్లమ్మాయివి. ఆ అమ్మాయి దూరంగా ఉంటుందట. ఎప్పుడొస్తుందని అడిగితే "అది రాదు. మనమే వెళ్లాలి" అంది.

ఉద్యోగం మానేశాను. పింగాణీ పొడి పడితే రంగులు పట్టవంది. ల్యాబ్ మేడం ఫోన్ చేసింది కానీ నేను తియ్యలేదు. ఫోన్ ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంటోంది, తల దించి చూస్తూ కూర్చుంటే మెడ దగ్గర చర్మం ముడతపడుతుందని. బయటికి ఎక్కువ వెళ్లను, ఎండ తగలకూడదు. వెళ్తే ఇద్దరం కలిసే వెళ్తాం.

నీలం భుజాల మధ్యకి వచ్చింది. అప్పుడప్పుడు నన్ను వేరే పేరుతో పిలుస్తుంది. మొదట్లో సరిచేసేదాన్ని. ఇప్పుడు పలికేస్తున్నాను, ఎందుకు బాధపెట్టడం.

మిడత


జూన్ 12

మిడతా, నా తల్లీ,

ఆ ఎకసెక్కెం రాసి ఉండకూడదు. నీ వీపు ఇంకెవరో తడుముతున్నారంటే ఓర్వలేకపోయాను, అంతే. నీ దగ్గర దాచేదేముంది.

ఇక కోపం పక్కన పెట్టి చెప్పు. పనిచేసే చోటు వదులుకున్నావు. ఫోన్ ఇచ్చేశావు. ఎవరి పేరుకో పలుకుతున్నావు. ఇవన్నీ ఒక బొమ్మ కోసమేనా? మొదట కాడ అన్నావు, పువ్వులన్నావు. మూడు నెలలుగా నీలం, ఆ గోధుమ రంగు తప్ప ఇంకేమీ రాయలేదు నువ్వు. పువ్వెక్కడే?

దూరంగా నిలబెట్టి ఒక ఫొటో తీసి పంపమను. లేకపోతే నేనే వస్తాను.

అక్క


జూన్ 30

అక్కగారికి నమస్కారములు.

నా చేతికి వాపు వచ్చినందున ఈ ఉత్తరం వేరేవారి చేత రాయిస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. మీరు బెంగ పెట్టుకోవలసిన అవసరం లేదు. రావలసిన అవసరం అంతకన్నా లేదు. వస్తే బొమ్మకి ఆటంకం అవుతుంది.

పని దాదాపు పూర్తయింది. ఇంకొక్క పూట ఉంది. అది మెడ దాటి తల దాకా వేయవలసిన భాగం, ఓపికతో చేయాలి. ఆ తరువాత మేమిద్దరం ఇక్కడి నుంచి వెళ్లిపోతాము. అక్కడికి ఉత్తరాలు రావు. ఇన్నాళ్లూ చూసుకున్నందుకు కృతజ్ఞతలు.

మీ చెల్లెలు


జూలై 16

మిడతా,

ఈ ఉత్తరం ఆ ఇంటికి పంపట్లేదు. అక్కడికి వచ్చినవి ముందు ఎవరు చదువుతున్నారో ఇప్పుడు నాకు తెలుసు. నీ ల్యాబ్ మేడం పేర పంపుతున్నాను. బావ ఫోన్‌లో అడిగితే, ఉద్యోగం మానేసినట్టు సంతకం పెట్టాలన్న వంకతో నిన్ను పిలిపించి, చేతికే ఇస్తానంది. లోపలి గదిలో చదువు.

ఆ గుండ్రటి చేతిరాత ఉత్తరం రాగానే బయలుదేరి వచ్చాను. నువ్వు నన్ను "గారూ" అన్నావంటే ఒకటి కోపం, రెండోది నువ్వు కాకపోవడం. రైల్లో పగలంతా కోపమే అయితే బాగుండునని దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను.

నువ్వేం చేశావో నీకు గుర్తుందో లేదో, నేను చెప్తాను. వరండాలో రెండు కుర్చీలు వేసింది ఆవిడ. ఒకటి నాకు, ఒకటి తనకి. నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. చిక్కిపోయావు. చేతికి వాపూ లేదు ఏమీ లేదు. నడుము దాకా జడ. "ఎలా ఉన్నావే" అంటే నువ్వు ఆవిడ వైపు చూసి, తర్వాత "బాగున్నాను" అన్నావు. నాతో వచ్చెయ్యమన్నాను. "పూర్తికాకుండా ఎలా వస్తాను" అన్నావు. నేను అరిచాను, ఒప్పుకుంటాను, నా చెవికి నా గొంతు ఎంత పెద్దదో తెలియదు. నువ్వు, "నువ్వెళ్లిపో అక్కా, నా కోసం ఎవరూ రానక్కర్లేదు" అన్నావు. ఆ మాట బాగానే వినపడింది.

లేచి వచ్చేశాను. గేటు దాటి, మనసొప్పక వెనక్కి తిరిగాను. నువ్వు అప్పుడే లోపలికి వెళ్తున్నావు, వీపు ఇటు తిప్పి. ఆ పొడవాటి దారి చివర, ముడుల గౌనులో, జడ ముందుకు వేసుకుని. అప్పుడు కనిపించింది నీ బొమ్మ. నీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను.

పువ్వులు లేవు. కాడా లేదు. నీ వీపు మీద ఒక పిల్ల నిలబడి ఉంది. మనకి వీపు తిప్పి, అటు చూస్తూ. నీ కుట్టు కాడ కాదు, ఆ పిల్ల జడ. నువ్వు మబ్బులన్నావే ఆ నీలం, అది నీళ్లు. మిడతా, ఆ పిల్ల నీళ్లలో నిలబడి ఉంది. భుజాల దాకా వచ్చాయి. తల ఒక్కటే పైన ఉంది.

ఇంకోటి. ఆ దారిలో సగం పైగా వెనక్కి నడిచేసరికి మీరిద్దరూ కిటికీ దగ్గర ఆగారు. వినపడకపోయినా పెదాలు చదవడం నాకు చెవి పోయినప్పటి నుంచీ అలవాటే కదా. ఆవిడ నీ చెంప పట్టుకుని అంది, "ఒక్కసారే మిగిలింది బంగారం. తర్వాత దాని దగ్గరికి వెళ్లిపోదాం."

ఎక్కడికో, ఎవరి దగ్గరికో నాకు అర్థం కాలేదు. ఆ నీళ్లు మాత్రం నాకు నచ్చలేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే, పెద్దపిల్ల, తనే ఉంటానంటోంది కదా అన్నారు. చిన్నదాన్ని పక్కింట్లో వదిలి వచ్చాను, వాళ్లు రెండు రోజులే చూస్తామన్నారు, అందుకే తిరిగి వచ్చేశాను. ఎందుకొచ్చానా అని రైలెక్కినప్పటి నుంచీ అనుకుంటున్నాను. బావకి సెలవు దొరకగానే ఇద్దరం వస్తున్నాం. అప్పటిదాకా ఆ చివరి పూటకి కూర్చోకు. ఇంకేం అడగను.

అక్క


ఆగస్టు 1

అక్కా,

నేను బాగున్నాను. ముందు అది రాస్తే మిగతాది నెమ్మదిగా చదువుతావని.

మేడం పిలిపించింది. నీకు చెప్పినట్టే చేసింది. ఆవిడ కూడా నాతో వచ్చింది, ఎప్పుడూ వచ్చేదే కదా, బయట బెంచీ మీద కూర్చుంది. లోపల పింగాణీ కాల్చే కొలిమి పక్కన నిలబడి నీ ఉత్తరం చదివాను. చదివి కోపం తెచ్చుకున్నాను. అక్క చెవితో పాటు కళ్లు కూడా పోగొట్టుకుందని మేడంతో అన్నాను. ఆమె వాదించలేదు. నన్ను లోపలి వరండా ఈ చివర గోడవైపు తిప్పి నిలబెట్టి, తను ఆ చివరికి వెళ్లి ఫొటో తీసింది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

అంత అందమైన బొమ్మ నేనెప్పుడూ చూడలేదు అక్కా. అదే నిజం. నీళ్లలో వెలుతురు కూడా వేసింది. ఆ పిల్ల భుజాల దగ్గర చిన్న అలలు.

వెనక దారిన వెళ్లిపొమ్మని మేడం చెప్పింది. వెళ్లలేకపోయాను. అన్ని నెలలు నా తల దువ్విన మనిషి. బయటికి వెళ్లి బెంచీ మీద పక్కన కూర్చుని అడిగాను.

"ఎవరండీ ఆ అమ్మాయి?"

"చూశావా" అంది. కోపం లేదు. "మా అమ్మాయి. నీ ఈడప్పుడే వెళ్లిపోయింది. ఊరికి నీళ్లిచ్చే రిజర్వాయర్ లేదూ, అక్కడ. నేను ఒడ్డున కూర్చుని బొమ్మ వేసుకుంటున్నాను. ఈతకి దిగుతోందనుకున్నాను. వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. జడ తడుస్తోంది, ముడి వేసుకోవే అని కూడా అన్నాను."

ఆవిడే మళ్లీ అందుకుంది.

"ఎవరికీ వెయ్యనని మానేశాను. నువ్వొచ్చి చొక్కా తీశావు. జడ ఉండాల్సిన చోట గీత సిద్ధంగా ఉంది. అదే నిన్ను పంపిందనుకున్నాను."

"చివరి పూట ఏం వేస్తారు?"

"నీళ్లు తల దాటాలి కదమ్మా."

"తర్వాత?"

"తర్వాత నిన్ను తీసుకెళ్లి దానికి చూపిస్తాను." నా జడ సరిచేస్తూ చెప్పింది, మార్కెట్‌కి వెళ్దాం అన్నంత మామూలుగా. "నువ్వు ముందు దిగు. నేను వెనకే వస్తాను. ఈసారి ఒడ్డున కూర్చోను."

లేచి లోపలికి వచ్చేశాను. మేడం గ్రిల్ తాళం వేసింది. ఆవిడ అరవలేదు, తలుపు కొట్టలేదు. సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. మేడం పోలీసులకి ఫోన్ చేసింది, వాళ్లు వచ్చేసరికి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న వేరే స్టేషన్ పోలీసులు ల్యాబ్‌కి వచ్చారు. రిజర్వాయర్ గట్టు మీద కాపలా మనిషికి చెప్పులు దొరికాయట. రెండు జతలు, పక్కపక్కన. ఒకటి ఆవిడది. రెండోది కొత్తది, నా సైజు. పక్కన ఆవిడ సంచిలో నా ఫోనూ, నా ల్యాబ్ కార్డూ ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లు మునిగిపోయారని వెతుకుతున్నారు. నేను బతికే ఉన్నానని నేనే చెప్పాల్సి వచ్చింది. వాళ్లలో రాసుకునే అతను నా మొహంలోకి చూసి, కార్డు చూసి, మళ్లీ చూశాడు. నేను బాగా చిక్కిపోయినందుకేమో, జుట్టు మాత్రం కార్డులోలాగే పొట్టిగా ఉంది. సవరం ముందురోజే తీసేశాను.

నువ్వు ఆవిడని తిట్టుకుంటావని తెలుసు. నేను తిట్టలేకపోతున్నాను. నొప్పెడితే ఆగేది. ఎడమ భుజం దగ్గర నాకు స్పర్శ ఉండదని చెప్పకుండానే కనుక్కుని, ఆ చోట సూది మరీ నెమ్మదిగా నడిపింది. ఆ చెయ్యి, నన్ను ముందు దిగమన్న ఆ నోరు, రెండూ ఒకే మనిషివని ఇంకా నాకు పట్టుబడట్లేదు.

మొదట్లో ఖాళీ లేదన్న మూడో ఆమె దగ్గరికి నిన్న మేడం తీసుకెళ్లింది. ఆమె చాలాసేపు చూసి, పని ఎవరిదో గుర్తుపట్టింది, పేరు మాత్రం ఎత్తలేదు. పూర్తిగా చెరపడం కుదరదంది. నీలాన్ని మార్చొచ్చు, నీళ్లని ఇంకేదైనా చెయ్యొచ్చు, తొందరేం లేదంది. నేనింకా ఏమీ అనుకోలేదు.

అక్కా, గజ ఈతగాళ్లు మూడు రోజులు వెతికారు. ఆవిడ దొరకలేదు. నీళ్లు లోతు, అడుగున బురద, ఒక్కోసారి దొరకరు అన్నారు. నేనూ అదే అనుకుని సరిపెట్టుకుందును. కానీ ఇవాళ నా సామాను తెచ్చుకోవడానికి పోలీసులతో ఆ ఇంటికి వెళ్లాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గౌన్లు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ముందు గదిలో బల్ల మాత్రం ఖాళీగా ఉంది. రంగులు లేవు, సూదులు లేవు, మిషన్ లేదు. గట్టు మీద దొరికిన సంచిలోనూ లేవు. మునగడానికి వెళ్లేవాళ్లు అవన్నీ ఎందుకు పట్టుకెళ్తారని ఆ రాసుకునే పోలీసతన్నే అడిగాను. అతను అదీ రాసుకున్నాడు.

రేపు పొద్దున్న బండికి వస్తున్నాను, ఉత్తరం ఆలోగా అందదు కాబట్టి మేడం దీన్ని ఫొటో తీసి బావ ఫోన్‌కి పంపుతోంది. మేడం ఎక్కించి వెళ్తుంది. బావని పంపకు, నువ్వే రా. నా బోగీ దగ్గరికి రా. ప్లాట్‌ఫాం మీద నువ్వు నా కళ్లకి కనిపించేదాకా నేను కిందికి దిగను. వెనక నుంచి మాత్రం పిలవకు.

నీ చెల్లి